ఇండోర్‌లో వెలుగు కోసం క్యూ

ఇండోర్ నగరం అంచున సుఖ్‌నివాస్ వైపు వెళ్తే సుమారు 760 హెక్టార్ల పచ్చని ఆవరణ కనిపిస్తుంది. గేటు మీద ‘రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ’ అని ఉంటుంది. అణుశాస్త్రవేత్త రామన్న పేరు 2005లో పెట్టారు. ఊరి జనానికి మాత్రం అది మొదటి నుంచీ, పాత పేరులోని పొడి అక్షరాలతో, ‘క్యాట్’. అటు పోయే రోడ్డు కూడా క్యాట్ రోడ్డే.

దేశం నలుమూలల నుంచి పరిశోధక విద్యార్థులు ఇక్కడికి వస్తుంటారు. వాళ్లు తెచ్చే సరుకు చూస్తే నవ్వొస్తుంది: ఒకరి దగ్గర చిటికెడు పొడి, ఇంకొకరి దగ్గర కంటికి సరిగా ఆనని స్ఫటికం, మరొకరి దగ్గర పొలంలోంచి తెచ్చిన గుప్పెడు మట్టి. వాళ్లందరికీ కావలసింది ఒక్కటే, వెలుగు. అలాంటి వెలుగు మన దేశంలో మరెక్కడా దొరకదు.

దండగనుకున్న కాంతి

1984 ఫిబ్రవరి 19న అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ఈ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నుంచి శాస్త్రవేత్తల తొలి బృందం 1986లో వచ్చింది. ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి వెలుగు పుట్టించే యంత్రమే సింక్రోట్రాన్. దేశంలో మొదటి సింక్రోట్రాన్ ‘ఇండస్-1’ 1999లో పనిచేయడం మొదలుపెట్టింది. దాని చుట్టుకొలత 19 మీటర్లకు కాస్త తక్కువ. 2005లో వెలుగు చూసిన ‘ఇండస్-2’ చుట్టుకొలత 172 మీటర్ల పైచిలుకు.

ఎలక్ట్రాన్లకు ఇక్కడ అంచెలంచెలుగా వేగం పెంచుతారు. మైక్రోట్రాన్ అనే యంత్రం వాటికి 2 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిస్తుంది. అక్కడి నుంచి బూస్టర్ అనే మరో యంత్రం వాటిని అందుకుంటుంది. 45 కోట్లకు చేరినవి ఇండస్-1లోకి, 55 కోట్లకు చేరినవి ఇండస్-2లోకి వెళ్తాయి. ఇండస్-2లో ఆ శక్తి 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పెరుగుతుంది. అప్పటికి అవి దాదాపు కాంతివేగంతో, సెకనుకు 17 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంటాయి. దారిలో గాలి అణువులు తగిలితే చెదిరిపోతాయి కాబట్టి అవి తిరిగే గొట్టంలో గాలిని దాదాపు పూర్తిగా తోడేస్తారు.

తిన్నగా పోవాల్సిన ఎలక్ట్రాన్‌ను అయస్కాంతం వంచినప్పుడు అది కొంత శక్తిని కాంతిగా వదులుతుంది. వానాకాలంలో సైకిల్ చక్రం బురద చిమ్మినట్టు, ఆ కాంతి వలయం నుంచి తిన్నగా బయటికి దూసుకొస్తుంది. దాన్ని మొదట కళ్లారా చూసింది 1947 ఏప్రిల్‌లో, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో. అప్పట్లో కణ భౌతిక శాస్త్రవేత్తలకు ఇదొక తలనొప్పి. కష్టపడి ఇచ్చిన శక్తి వెలుగై పోతోందని వాళ్ల బాధ. ఆ దండగే మిగతా శాస్త్రాలకు పండగైంది.

ఎవరికి, ఎందుకు?

ఈ కాంతిలో పరారుణం నుంచి ఎక్స్-కిరణాల వరకూ అన్నీ ఉంటాయి. కావలసిన తరంగదైర్ఘ్యాన్ని ఏరుకోవచ్చు. మామూలు ప్రయోగశాలలోని ఎక్స్-రే గొట్టంతో పోలిస్తే దీని తీవ్రత ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే అక్కడ రోజులు పట్టే పని ఇక్కడ నిమిషాల్లో ముగుస్తుంది. కొన్ని పనులు అక్కడ అసలే కావు.

వలయం చుట్టూ ఉన్న ఒక్కో కాంతి మార్గాన్ని ‘బీమ్‌లైన్’ అంటారు. ఒక్కోదానిది ఒక్కో విద్య. ఒకటి ప్రొటీన్ స్ఫటికంలో పరమాణువుల అమరిక తేలుస్తుంది. మందు ఆ ప్రొటీన్‌కు ఎక్కడ అతుక్కుంటుందో తెలుసుకోవడానికి ఇదొక మంచి దారి. ఇంకొకటి బ్యాటరీ పదార్థంలోనో ఉత్ప్రేరకంలోనో ఒక్కో లోహ పరమాణువు చుట్టూ ఏ పరమాణువులు ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంది. మట్టిలో, గింజలో ఉన్న లేశమాత్రం లోహాలను పట్టే బీమ్‌లైన్ ఉంది. రెండు వజ్రాల మధ్య నొక్కిపెట్టిన పదార్థం ఎలా మారుతుందో చూసేదీ ఉంది.

కణంలో ప్రొటీన్లను తయారుచేసే రైబోజోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ అందుకున్న వెంకి రామకృష్ణన్ కూడా విదేశీ సింక్రోట్రాన్ల దగ్గర సేకరించిన సమాచారంతోనే ఆ పని సాధించారు. ఆధునిక జీవశాస్త్రానికి సింక్రోట్రాన్ ఎంత అవసరమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రాత్రీ పగలూ ఒకటే

పరిశోధకులు ముందు ప్రతిపాదన పంపాలి. నిపుణులు పరిశీలించి బాగుందంటేనే ‘బీమ్‌టైమ్’ దొరుకుతుంది. ఆ గంటలు ఎప్పుడొస్తే అప్పుడే పని. రాత్రి రెండు గంటలకైనా సరే, శాంపిల్ బిగించి, సీసపు గోడల గది తలుపు మూసి, బయట కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. తలుపు సరిగా పడకపోతే కిరణం లోపలికి రాదు. వలయంలో నిల్వ ఉన్న ఎలక్ట్రాన్లు గంటలు గడిచేకొద్దీ తగ్గుతాయి. వాటిని మళ్లీ నింపే దాకా అందరూ ఆగాలి.

ఈ యంత్రాన్ని నడిపే ఇంజినీర్ల కథ వేరు. ఎలక్ట్రాన్లు కోల్పోయిన శక్తిని తిరిగి ఇవ్వడానికి రేడియో తరంగాలు కావాలి. మొదట్లో ఆ పనికి వాడిన క్లైస్ట్రాన్లు విదేశాల నుంచి తెచ్చుకున్నవి. తర్వాత వాటి స్థానంలో ఇక్కడే రూపొందించిన సాలిడ్ స్టేట్ యాంప్లిఫయర్లను పెట్టారు. వలయం కట్టడం ఎంత ముఖ్యమో, దాన్ని ఏళ్ల తరబడి సొంతంగా నడుపుకోగలగడం అంతకన్నా ముఖ్యం.

ఒక్కటి చాలదు

ఇంత పెద్ద దేశానికి ఉన్నవి ఒకే ఆవరణలో ఉన్న ఈ రెండు వలయాలే. శక్తిమంతమైన ఎక్స్-కిరణాల ప్రయోగాలకు ఇండస్-2 ఒక్కటే దిక్కు. అందుకే మనవాళ్లు జపాన్‌లోని త్సుకుబాకు, జర్మనీలోని హాంబర్గ్‌కు, ఇటలీలోని ట్రియెస్టెకు, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు వెళ్తున్నారు. కొన్నిచోట్ల భారత ప్రభుత్వమే డబ్బు పెట్టి బీమ్‌టైమ్ సంపాదించింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ప్రొటీన్ నిర్మాణాల కోసం గ్రెనోబుల్ కాంతిని వాడుకున్నారు. వీసా, విమాన చార్జీలు, దారిలో పాడైపోయే స్ఫటికాలు ఈ ప్రయాణంలో అదనపు బరువు.

ఈలోగా లోకం ముందుకు పోయింది. చుట్టుకొలత 844 మీటర్లున్న గ్రెనోబుల్ వలయాన్ని పూర్తిగా మార్చి 2020లో కొత్త తరం యంత్రంగా తెరిచారు. బ్రెజిల్ 518 మీటర్ల ‘సిరియస్’ కట్టుకుంది. జోర్డాన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్, పాలస్తీనా ఒకే సంస్థలో సభ్యులుగా చేరి ‘సెసమి’ సింక్రోట్రాన్‌ను నడుపుతున్నాయి. మన దగ్గర మరింత కాంతివంతమైన కొత్త సింక్రోట్రాన్ ప్రతిపాదనలు చాలా కాలంగా వినబడుతూనే ఉన్నాయి. క్యాట్‌కు పునాది పడ్డాక ఇండస్-2 వెలుగు చూడటానికి 20 ఏళ్లకు పైగా పట్టింది. అంటే రేపటి పరిశోధకుడికి కావలసిన వలయానికి నిర్ణయం ఇవాళే జరగాలి.

అంతవరకూ ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవడం మన పని. దీనికి భౌతికశాస్త్రమే చదివి ఉండాలన్న నియమమేమీ లేదు. వ్యవసాయం, ఫార్మసీ, రసాయనం, భూగర్భశాస్త్రం, ఏదైనా సరే. మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు గైడ్‌తో ఒకసారి మాట్లాడి, మంచి ప్రశ్న ఒకటి రాసి ఇండోర్‌కు పంపండి.