సగం అల్లిన మేజోళ్ళు చెప్పే ఆరోగ్య సంగతులు



మన సంఘ స్త్రీల సమాజంలోని ఒక సహోదరి అల్లిక సంచిని ఈ నెల మీ ముందు విప్పుతున్నాము. ఉద్యోగ విరమణ తరువాత కాలక్షేపానికి ఊలు పట్టుకున్న ఆమె సంచిలో పూర్తయిన పని ఒక్కటీ లేదు. ఒక బుల్లి టోపీ, మడమ దాకా వచ్చిన పూల మేజోడు, భర్త కోసం మొదలుపెట్టిన బూడిద రంగు జత, సగం శాలువా. ఓపిక ఉన్న రోజు పూల పని, కళ్ళు అలసిన రోజు సాదా పని చేస్తారట. ఆ సంచిలోని ఒక్కొక్కటీ మనకు ఒక్కొక్క పాఠం చెబుతుంది.

బుల్లి టోపీ

పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. తల నుండి వేడి త్వరగా పోతుంది. 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే టోపీ, మేజోళ్ళు తొడిగి తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెడతారు. ఇదే కంగారూ సంరక్షణ. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇది మొదలైంది. పుట్టిన వెంటనే ప్రారంభించి, రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైనంత ఎక్కువసేపు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది.

తల్లులారా, చేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, పాదాలను తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే మంచిది. పాదాలు మాత్రమే చల్లగా ఉంటే బిడ్డకు చలి వేస్తున్నట్లు. రెండూ చల్లబడితే వెంటనే రొమ్ముకు హత్తుకుని ఆసుపత్రికి తీసుకురండి. ఎండాకాలంలో మాత్రం ఊలు వద్దు, నూలు చాలు. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు, వైద్యులు వేయమని చెబితే తప్ప, టోపీ తీసివేయండి.

పూల మేజోళ్ళు

రెండు రంగులతో పువ్వు అల్లేటప్పుడు, వాడని రంగు దారం లోపలి వైపు సాగుతూ పోతుంది. బయటికి పువ్వు కనబడుతుంది, లోపల వదులు దారాలు ఉంటాయి. ఆ దారం పసివాని కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది. బిడ్డ ఎందుకో తెలియకుండా ఆగకుండా ఏడుస్తుంటే మేజోళ్ళు విప్పి వేళ్ళు చూడండి. దారం గానీ వెంట్రుక గానీ బిగుసుకుని ఉంటే ఆలస్యం చేయక తీసుకురండి. కొన్న మేజోళ్ళనైనా ముందు తిరగేసి చూసిన తరువాతనే తొడగండి. పసివారికి సాదా అల్లికే క్షేమం.

బూడిద రంగు జత

ఇది షుగరు వ్యాధి ఉన్న భర్త కోసం. ఆయన పాదాలకు స్పర్శ తగ్గింది. లోపల చిన్న ముడి ఒత్తుకున్నా ఆయనకు తెలియదు. తెలియని ఒత్తిడే పుండవుతుంది, పట్టించుకోని పుండు వేలు తీసేదాకా తెస్తుంది. అందుకని ఆ సహోదరి ముచ్చటపడిన గీతల నమూనాను చీలమండ పైభాగానికే ఉంచి, పాదం మొత్తం సాదాగా అల్లుతున్నారు. పైఅంచు బిగువుగా లేకుండా వదులుగా మొదలుపెట్టారు.

మేజోడు విప్పాక కాలిపై లోతైన గీత పడితే అది బిగుతు అన్నమాట. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోవాలి. చూపు ఆనకపోతే పిల్లలను చూడమనండి. మేజోళ్ళు రోజూ మార్చండి. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకండి.

అల్లే చేతులకు

పెద్దవారి జత ఒకటి వేలకొద్దీ కుట్లతో తయారవుతుంది. అరగంటకొకసారి సూదులు పక్కన పెట్టి వేళ్ళు చాచండి, మెడ తిప్పండి, లేచి నాలుగడుగులు వేయండి. పగటి వెలుతురులో అల్లండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రివేళ తిమ్మిరెక్కుతుంటే వైద్యునికి చూపించుకోండి. సూదులు చిన్నపిల్లలకు అందనివ్వకండి.

యొప్పేలోని తబితా విధవరాండ్రకు వస్త్రములు కుట్టి ఇచ్చినట్లు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో చదువుతున్నాము. ఆమె చనిపోయినప్పుడు వారు ఏడ్చుచు పేతురుకు చూపించినది ఆ వస్త్రములనే. మనలో అల్లిక వచ్చినవారు కొంచెం మెత్తని దారంతో, వదులు పోగులు లేకుండా, ఒక చిన్న టోపీ అల్లి ఉతికి ఇస్తే, తక్కువ బరువుతో పుట్టిన ఒక బిడ్డకు అది వెచ్చదనమవుతుంది. ప్రభువు మీ చేతుల పనిని దీవించును గాక.