క్యాన్సర్ మా వంశంలో ఉందా? ఒక కాకినాడ శాస్త్రవేత్త పనిలో దొరికే జవాబు



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో అందరూ వెళ్లాక ఒక అమ్మగారు ఆగి, గొంతు తగ్గించి అడిగారు. "మా అత్తగారికి పెద్దపేగు క్యాన్సర్ మేడమ్, గుంటూరులో చూపిస్తున్నాం. మా పాపకూ వస్తుందా? ఎవరికీ చెప్పకండి, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది." పాప ఇంకా ఎనిమిదో తరగతి. పేరు లేకుండా రాయడానికి ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

నేను బయాలజీ టీచర్‌ని, డాక్టర్‌ని కాదు. కానీ ఆ ప్రశ్న చుట్టూనే ఏళ్ల తరబడి పనిచేసిన ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన డాక్టర్ రాజు కుచెర్లపాటి. 1943లో కాకినాడలో పుట్టారు. అక్కడి పి.ఆర్. కాలేజీలో డిగ్రీ, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1972లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో జెనెటిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. ఆయన చదివింది ఎంబీబీఎస్ కాదు. బైపీసీ అంటే నీట్ ర్యాంకు ఒక్కటే అనుకునే ఇళ్లలో ఈ మాట ఒకసారి చెప్పండి.

ఇక అసలు విషయం. డీఎన్ఏని 300 కోట్ల అక్షరాల పుస్తకం అనుకోండి. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి మనకు వస్తాయి. కణం రెండుగా చీలే ప్రతిసారీ ఆ పుస్తకమంతా తిరిగి రాసుకోవాలి. మన పిల్లల నోట్సులాగే అందులోనూ తప్పులు దొర్లుతాయి. వాటిని దిద్దడానికి ఎర్ర పెన్ను పట్టుకున్న టీచర్లలాంటి జన్యువులున్నాయి. వాటిలో ఒకదాని పేరు ఎంఎల్‌హెచ్1. ఆ దిద్దుబాటు ఆగిపోతే తప్పులు పేరుకుపోయి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. 1990ల్లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కాలేజీలో రాజు గారి బృందం ఈ జన్యువు పనిచేయని ఎలుకలను తయారుచేసి, వాటిలో ఏం జరుగుతుందో గమనించింది.

కొన్ని కుటుంబాల్లో ఇలాంటి లోపం పుట్టుకతోనే వస్తుంది. దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. తల్లికో తండ్రికో ఆ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. లోపం వచ్చినంత మాత్రాన క్యాన్సర్ తప్పదని కాదు. పైగా ముందే తెలిస్తే క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయించుకుని, పేగులో పెరిగే చిన్న గడ్డలను క్యాన్సర్ కాకముందే తీయించుకోవచ్చు. అయితే పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన వందమందిలో ఈ లోపం ఉండేది సుమారు ముగ్గురికే. ఎక్కువమందిలో తప్పులు పుట్టాక, వయసు పెరిగే కొద్దీ ఆ పేగు కణాల్లోనే పడినవి. అవి పిల్లలకు రావు. రాజు గారు ముందుండి నడిపిన ఒక పెద్ద అధ్యయనం 2012లో వచ్చింది. 276 కణితులను చదివితే దాదాపు 16 శాతంలో తప్పులు విపరీతంగా కనిపించాయి. వాటిలో చాలావరకు ఎంఎల్‌హెచ్1 జన్యువు తర్వాత మూగబోయినవే.

ఆయన పని మందుల దాకా కూడా వెళ్లింది. మనిషి కణంలో అనుకున్న చోటే డీఎన్ఏ ముక్కను చేర్చవచ్చని 1985లో ఆలివర్ స్మితీస్‌తో కలిసి చూపించారు. స్మితీస్‌కు 2007లో నోబెల్ వచ్చింది, ఆ ముగ్గురు విజేతల్లో మన రాజు గారి పేరు లేదు. నాకు మాత్రం అది కాస్త వెలితిగానే ఉంటుంది. తర్వాత ఆయన వ్యవస్థాపకుల్లో ఒకరుగా ఉన్న కంపెనీలు, మనిషి యాంటీబాడీలను తయారుచేసే ఎలుకలను రూపొందించాయి. ఆ ఎలుకల నుంచి వచ్చిన పానిటుముమాబ్ అనే పెద్దపేగు క్యాన్సర్ మందుకు 2006లో అమెరికాలో అనుమతి లభించింది. కణితిలో కేరాస్ అనే జన్యువు మారిపోయి ఉంటే ఆ మందు ఒక్కటే ఇస్తే సాధారణంగా పనిచేయదు. అందుకే ముందు కణితికి జన్యు పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష రాస్తే "మా వంశాన్ని అనుమానిస్తున్నారా" అని బాధపడకండి. అది చూసేది కణితిని, మీ వంశాన్ని కాదు.

వంశం సంగతి తేలాలంటే ముందు డాక్టర్‌కు నిజం తెలియాలి. రక్తసంబంధీకుల్లో ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో క్యాన్సర్ వచ్చిందో చెప్పాలి. యాభై ఏళ్ల లోపే వచ్చినా, ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి పేగు, గర్భాశయ క్యాన్సర్లు ఉన్నా తప్పకుండా చెప్పండి. సంబంధాల భయంతో దాచితే, ముందే పరీక్ష చేయించుకోవాల్సిన వాళ్లకే ఆ సంగతి తెలియకుండా పోతుంది.

ఆ అమ్మగారు మొన్న ఫోన్ చేశారు. అత్తగారి పక్కన కూర్చుని పాప నోట్‌బుక్ చివరి పేజీలో అందరి పేర్లూ రాశారట. అత్తగారికి వచ్చింది డెబ్బై దగ్గర పడ్డాకే. ఆమె పుట్టింటి వైపు ఇద్దరి సంగతి మాత్రం తెలియలేదు. మాచర్లలో ఉన్న పెద్దమ్మను అడిగి, ఈసారి గుంటూరు వెళ్లేటప్పుడు ఆ పేజీ తీసుకెళ్తామన్నారు.