సర్కస్ – గుడారంలో గౌరవం, వీధిలో చిన్నచూపు

సర్కస్ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ఏమిటి? పెద్ద గుడారం, రంగు రంగుల బల్బులు, ఒక ఉయ్యాల మీద నుంచి ఇంకో ఉయ్యాల మీదికి దూకే మనిషి, మధ్యమధ్య వచ్చి పడుతూ లేస్తూ నవ్వించే జోకర్. ‘సర్కస్ రాముడు’ (1980) చూసిన పెద్దలకూ, ‘విచిత్ర సోదరులు’ (1989) టీవీలో చూసిన మనకూ ఆ బొమ్మ కళ్లలో అలాగే ఉంది. అయితే మిత్రులారా, సర్కస్ ఒట్టి కాలక్షేపం కాదు. లోకం ఎవరి కష్టానికి చప్పట్లు కొడుతుంది, ఎవరి కష్టానికి చిల్లర విసురుతుంది అన్న సంగతి కూడా దాని చరిత్రలో ఉంది. చరిత్ర విద్యార్థిగా ఆ సంగతినే మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

గుర్రం గీసిన గిరి

‘సర్కస్’ లాటిన్ మాట. వలయం అని దాని అర్థం. నేటి సర్కస్‌కు మూలపురుషుడు ఫిలిప్ ఆస్ట్‌లీ అనే ఇంగ్లండు దేశస్థుడు. అతడు ఆశ్విక దళంలో పనిచేసి వచ్చి, 1768లో లండన్‌లో గుర్రం మీద విన్యాసాలు చూపడం మొదలుపెట్టాడు. గుర్రాన్ని తిన్నగా కాక గుండ్రంగా పరుగెత్తిస్తే రెండు లాభాలున్నాయని అతడు గ్రహించాడు. ఒకటి, చూసేవారికి గుర్రం ఎప్పుడూ కనుచూపులోనే ఉంటుంది. రెండోది మన ఫిజిక్స్ పాఠమే. వలయంలో తిరుగుతున్నప్పుడు మనిషి లోపలి వైపుకు కొంచెం వాలితే, బయటికి నెట్టే అపకేంద్ర బలంతో ఆ వాలు సరిపోయి పడకుండా నిలబడగలడు. మలుపులో సైకిల్‌ను లోపలికి వంచి తొక్కుతాము కదా, అలాగే. అప్పటి నుంచి సర్కస్ వలయం వ్యాసం 42 అడుగులుగా స్థిరపడింది.

గుర్రాల ఆటకూ ఆటకూ మధ్య ఆస్ట్‌లీ తాడు మీద నడిచేవారిని, మొగ్గలు వేసేవారిని, హాస్యగాళ్లను దింపాడు. 1859లో పారిస్‌లో జూల్ లియోటార్ ఎగిరే ఉయ్యాల ఆటను చూపించాక సర్కస్‌కు నేడు మనమెరిగిన రూపం వచ్చింది.

మన దేశంలో సర్కస్

మన దేశంలో తొలి సర్కస్ కంపెనీని 1880లో బొంబాయిలో విష్ణుపంత్ ఛత్రే ప్రారంభించాడు. ఆయన ఒక సంస్థానంలో గుర్రాలను చూసుకునేవాడు. ఇటలీ నుంచి వచ్చిన చియారినీ సర్కస్‌ను చూసి, మనవాళ్లూ చేయగలరని పట్టుబట్టి ‘గ్రేట్ ఇండియన్ సర్కస్’ పెట్టాడు. ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చినవాడు కేరళలోని తలశ్శేరికి చెందిన కీలేరి కుంజికణ్ణన్. కలరి విద్య తెలిసిన ఆ మాస్టారు 1901లో సర్కస్‌కే ఒక బడి పెట్టాడు. ఆ బడి వల్లనే తలశ్శేరి పేరు సర్కస్ లోకమంతా తెలిసింది.

తెలుగువారిలో ఈ రంగానికి పేరు తెచ్చిన మహానుభావుడు కోడి రామ్మూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సొంతంగా సర్కస్ కంపెనీ నడిపాడు. ఛాతీకి కట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపడం, రొమ్ము మీద ఏనుగును నిలుపుకోవడం ఆయన ప్రదర్శనలు. ‘కలియుగ భీముడు’, ‘ఇండియన్ హెర్క్యులస్’ అని బిరుదులు పొందాడు. 1942లో కన్నుమూశాడు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో నేటికీ ఆయన విగ్రహం ఉంది.

గుడారం లేని సర్కస్

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. 1880కి ముందు మన దగ్గర సర్కస్ లేదా? ఉంది. గుడారం లేదు, అంతే. దొమ్మరాట అంటే అదే. ఊరి మధ్య పొడవాటి గడ పాతి, డోలు మోగుతుంటే దాని కొన మీదికెక్కి పొట్ట ఆనించి గిరగిరా తిరుగుతారు. రెండు గడల మధ్య తాడు కట్టి దాని మీద నడుస్తారు. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లో కూడా గడలెక్కి ఆడేవారి ప్రస్తావన ఉంది. అంటే లండన్ సర్కస్ కంటే కొన్ని వందల ఏళ్ల ముందే మన నేల మీద ఈ విద్య ఉన్నదన్నమాట.

విద్య ఒక్కటే. కానీ గుడారంలో టిక్కెట్టు పెట్టి ఆడితే ‘ఆర్టిస్టు’ అన్నారు, వీధిలో ఆడితే ‘అడుక్కునేవాళ్లు’ అన్నారు. ఆ కులం పేరునే చాలామంది తిట్టుగా వాడతారు. ఊరూరా తిరిగి బతికే ఎన్నో జాతులను బ్రిటిష్ ప్రభుత్వం 1871 చట్టంతో పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది గాని, ముద్ర మాత్రం జనం మనసుల్లో నుంచి పోలేదు. గడ మీద ఆడిన ఆడబిడ్డకు కింద వల లేదు, జీతం లేదు, బిరుదు లేదు, విగ్రహం అసలే లేదు.

బాయి పని, సర్కస్ పని

మన కొత్తగూడెం, ఇల్లందు, గోదావరిఖని వాళ్లకు సర్కస్‌ను అర్థం చేసుకోవడం కష్టం కాదు. బాయిల పని మూడు షిఫ్టులు, సర్కస్ రోజుకు మూడు షోలు. ఉయ్యాల నుంచి దూకినవాడి ప్రాణం అవతల పట్టుకునేవాడి చేతుల్లో ఉంటుంది. భూగర్భ గనిలో పనిచేసేవాడి ప్రాణం పైకప్పుకు దిమ్మెలు పెట్టిన టింబర్‌మన్ చేతుల్లో ఉంటుంది. మనిషి ప్రమాదం అంచు దాకా పోయి క్షేమంగా తిరిగి రావడం – సర్కస్‌కు అసలు అర్థం ఇదేనని నేననుకుంటాను. షిఫ్టు దిగి మనిషి ఇంటికి వచ్చేదాకా ఎదురుచూసే ఇళ్లలో ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కానీ తేడా ఒకటుంది. గని కార్మికుడికి యూనియన్ ఉంది, 1952 నాటి గనుల చట్టం ఉంది, పీఎఫ్ ఉంది. అవన్నీ పోరాడి తెచ్చుకున్నవే. సర్కస్ వాళ్లలో అత్యధికులకు ఒళ్లు సహకరించినన్నాళ్లే కూడు. వయసుడిగిన సర్కస్ కళాకారులకు పింఛను ఇచ్చి కేరళ ప్రభుత్వం ఒక మంచి దారి చూపింది.

గుడారాలు ఎందుకు తగ్గాయి?

1998లో కేంద్ర ప్రభుత్వం పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి – ఈ జంతువులను ఆడించరాదని ఆదేశించింది. కంపెనీలు కోర్టుకు వెళ్లినా 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలను, పులులను విశాఖపట్నం, తిరుపతి జూల వద్ద సంరక్షణ కేంద్రాల్లో ఉంచారు. 2011లో సుప్రీంకోర్టు పిల్లలను సర్కస్‌లో పెట్టడాన్ని ఆపాలని, వారి చదువు హక్కును కాపాడాలని ఆదేశించింది. టీవీలు, సెల్‌ఫోన్‌లు రావడంతో టిక్కెట్లు కొనేవారూ తగ్గారు. ఇప్పుడు కొద్ది కంపెనీలే మిగిలాయి.

దీనికి బాధపడాలా? పసిపిల్ల తాడు మీద కాక బడిలో ఉండడం మంచిదే. అందులో రెండో మాట లేదు. బాధపడవలసింది ఆ విద్య బడికి ఎక్కకుండానే ఆరిపోతున్నందుకు. రష్యాలో 1927లోనే ప్రభుత్వం మాస్కోలో సర్కస్ పాఠశాల పెట్టింది. అక్కడ సర్కస్ కళాకారుడికి నాటక కళాకారుడితో సమానంగా గౌరవం దక్కింది. మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచింది. గాలిలో మొగ్గ వేసి కాళ్ల మీద నిలబడడమే అదీను. కోచ్, పరుపు, పోటీ ఉంటే క్రీడ అయ్యింది. ఇవేవీ లేకపోతే కులవృత్తి అయ్యింది.

సాహసం మనకు కొత్త కాదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, మన చర్ల ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. వాళ్ల నడుముకూ తాడే ఉంది. కాకపోతే ఆ తాడు వెనుక శిక్షణ ఉంది, ప్రభుత్వం ఉంది. ఆకలితో తాడెక్కడం వేరు, అండతో తాడెక్కడం వేరు.

మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. మా తాతలకు తెలివి లేక కాదు, వాళ్లకు బడి అందలేదు గనుక. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు బజారులో ఎవరైనా గడ పాతి ఆడుతుంటే ఆగి చూడండి, చప్పట్లు కొట్టండి. ఆ కులం పేరుతో ఎవరినీ తిట్టకండి. డోలు కొట్టే పిల్లవాడు కనబడితే ఏ బడిలో చదువుతున్నావని అడగండి. హాస్టల్ తలుపు మనకోసం తెరిచినట్టే వాడికోసమూ తెరిచి ఉందని చెప్పండి.