ఫైలు పక్కనే ఉంది, పెర్ల్‌కి కనబడలేదు!

మెస్సు హాజరు లెక్కకు నేను పెర్ల్ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. పిల్లల పట్టీని 'హాజరు' అనే మాడ్యూల్‌లో విడిగా పెట్టాను. ల్యాబ్‌లో పాత కంప్యూటర్‌లో చక్కగా నడిచింది. వార్డెన్ గారి ముందు కొత్త కంప్యూటర్‌లో నడిపితే, 'మాడ్యూల్ దొరకలేదు' అని ఆగిపోయింది. ఫైలు ప్రోగ్రాం పక్కనే ఉంది! అందరూ ఒకటే నవ్వులు.

ల్యాబ్ సారు ఒకటే అడిగారు: "అది చెప్పింది పూర్తిగా చదివావురా?" చదవలేదు. ఏయే ఫోల్డర్లలో వెతికిందో అందులోనే రాసి ఉంది. నా ఫోల్డర్ వాటిలో లేదు.

1987లో లారీ వాల్ తయారుచేసిన ఈ పెర్ల్, మాడ్యూల్ కోసం కంప్యూటరంతా గాలించదు. ఐ.ఎన్.సి. అనే పట్టీలోని ఫోల్డర్లను వరుసగా చూస్తుంది. ముందు దొరికిందే తీసుకుంటుంది. ఒకే పేరున్న ఇద్దరిలో ముందు గదిలోవాడే వార్డెన్ గారి దగ్గరికి వెళ్ళినట్టు!

పాత పెర్ల్‌లో ఆ పట్టీ చివర ఒక చుక్క ఉండేది. చుక్కంటే మనం ప్రోగ్రాం నడిపేటప్పుడు ఉన్న ఫోల్డర్. అక్కడ ఎవరు ఏ ఫైలు పెట్టినా నమ్మేసే ప్రమాదముందని, 2017లో వచ్చిన 5.26 నుంచి తీసేశారు.

"ఆ చుక్క మళ్ళీ పెట్టెయ్‌రా" అన్నాడు మావాడు. సారు వద్దన్నారు. పాత కంప్యూటర్‌లో ఏ ఫైలు తెచ్చిందో చూడమన్నారు. చూస్తే గుండె గుభేలుమంది. నేను కామన్ ఫోల్డర్‌లో నిలబడి నడిపేవాణ్ణి. అక్కడ నిరుటి 'హాజరు' ఉంది, చుక్క దాన్నే తెచ్చింది. ఈ ఏడు చేరిన తమ్ముళ్ళు లెక్కలోనే లేరు! రోజూ అన్నం ఎందుకు చాలడం లేదో అప్పుడు తెలిసింది.

మీకూ ఇలా అయితే:

1. మెసేజీ చివరిదాకా చదవండి.
2. పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం చూడండి. లినక్స్‌లో రెండూ వేరు.
3. పేరు మధ్య రెండు కోలన్లుంటే ముందుది ఫోల్డరు, తర్వాతది ఫైలు.
4. 'ఫైండ్‌బిన్'తో ప్రోగ్రాం ఉన్న చోటు తెలుసుకొని, 'యూజ్ లిబ్'తో పట్టీ మొదట్లో చేర్చండి. ఎక్కడ నిలబడి నడిపినా సరైన ఫైలే వస్తుంది.

దొరకలేదని ఆగిన కంప్యూటర్‌ను తిట్టాను. తప్పు ఫైలుతో నడిచినదాన్ని మెచ్చుకున్నాను. తమ్ముళ్ళూ, మన్నించండి. ఇప్పుడు లెక్కలో మీరందరూ ఉన్నారు.