మన్యం బడిలో మాట్లాడే పెట్టె

యంత్రం పాఠం చెప్పగలదా అన్న చర్చ మన సెమినార్లలో తరచు జరుగుతుంది. పట్నం బడిని మనసులో పెట్టుకుని మాట్లాడితే ఆ చర్చ ఎంతకీ తెగదు. అక్కడ కరెంటుంది, ఇంటర్నెట్టుంది, తరగతికొక టీచరున్నాడు, సాయంత్రం ట్యూషనూ ఉంది. వీటిలో దేనివల్ల పిల్లవాడికి లెక్కలొచ్చాయో విడదీసి చెప్పటం ఎవరి తరమూ కాదు. అందుచేత ఈ చర్చను ఒక్కసారి అడ్డతీగల కొండల్లోకి తీసుకుపోదాం. పట్నంలో దాగిపోయే నిజాలు అక్కడ బయటపడతాయి.

ఏలేశ్వరం దాటి ఘాటురోడ్డు ఎక్కితే అడ్డతీగల. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీసు స్టేషను మీద దాడి చేసింది. చరిత్ర చదివినవాళ్ళకు ఈ ఊరి పేరు అలా తెలుసు. 2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ నెలలోనే ఆ వీరుడి పేరిట ఏర్పడ్డ కొత్త జిల్లాలో చేరింది. కొండరెడ్లు, కోయదొరలు ఉండే గూడేలు కొండవాలుల్లో విడివిడిగా ఉంటాయి. గూడెంలో పాతికమంది పిల్లలుంటే వాళ్ళకు ఒక గది, ఒక పంతులు. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులన్నీ ఆ గదిలోనే. దీన్నే ఏకోపాధ్యాయ పాఠశాల అంటారు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. బడి రోజుకు అయిదు గంటలు నడిచిందనుకోండి. అయిదు తరగతులున్నాయి కనుక ఒక్కొక్క తరగతికి పంతులు దక్కేది ఒక్క గంట. మిగిలిన నాలుగు గంటలూ పిల్లలు పలక ముందేసుకుని కూర్చోవాలి. కాబట్టి మన్యం బడిలో యంత్రాన్ని అడగవలసిన ప్రశ్న, "నువ్వు పంతులికి బదులు రాగలవా?" అని కాదు. "పంతులు ఒకటో తరగతితో ఉన్నప్పుడు నాలుగో తరగతి పిల్లలకు నిజంగా చదువు సాగించగలవా?" అని. దానికి వెంటనే ఇంకో ప్రశ్న తగులుకుంటుంది: "వాళ్ళు చెప్పే జవాబు నీకు వినిపిస్తుందా?"

ఇసుక నుంచి మొదలు

సాంకేతిక పరికరం అనగానే మనకు కరెంటు తీగ గుర్తొస్తుంది. కాని బడిలోకి వచ్చిన మొదటి పరికరాల్లో ఇసుక ఒకటి. మన వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. కాగితం ఖర్చు లేదు, తప్పు రాస్తే చేత్తో చెరిపేస్తే సరి. 1789లో మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమానికి సూపరింటెండెంటుగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే మతాధికారి, దేశీయ బడిలో ఈ పద్ధతి చూసి ముచ్చటపడ్డాడు. తన దగ్గరి ఉపాధ్యాయులు దానికి ఒప్పుకోకపోతే, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాడికి అక్షరాల తరగతి అప్పజెప్పాడు. పిల్లవాడు పిల్లలకు నేర్పాడు. 1797లో బెల్ ఈ అనుభవాన్ని లండన్‌లో పుస్తకంగా వేశాడు. "మద్రాసు పద్ధతి" పేరుతో అది ఇంగ్లండు బడులకు పాకింది.

ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇసుక ఒక్కటే ఏమీ చెయ్యలేదు. ఇసుకలో రాసిన అక్షరాన్ని వెంటనే చూసి, తప్పు దిద్దటానికి పక్కన ఇంకో పిల్లవాడుండటం వల్ల అది పనికొచ్చింది. పరికరం, పక్కన దిద్దేవాడు – ఈ జంటను గుర్తుపెట్టుకుని ముందుకు పోదాం.

రేడియో: కొండ దాటిన గొంతు

కొండ ప్రాంతానికి మొదట చేరగలిగినది రేడియో. దానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. 1963లో మొదలైన విశాఖపట్నం ఆకాశవాణి మీడియం వేవ్ మీద 927 కిలోహెర్ట్జ్‌లో ప్రసారం చేసేది. ఆ తరంగం పొడవు మూడువందల మీటర్లకు పైమాటే. అంత పొడుగు తరంగం నేలను అంటిపెట్టుకుని పోతుంది, కొండ అడ్డొస్తే కొంత వంగి అవతలికి దిగుతుంది. ఎఫ్.ఎమ్. తరంగం పొడవు మూడు మీటర్లే, సెల్‌ఫోన్ తరంగమైతే జానెడుకు అటూ ఇటూ. ఇవి దాదాపు చూపులాగా తిన్నగా పోతాయి. టవరుకూ గూడేనికీ మధ్య కొండ ఉంటే ఆ గూడెం నీడలో పడ్డట్టే. మన్యంలో సిగ్నలు కోసం మనుషులు గట్టెక్కటం ఇందుకే.

అయితే రేడియోకు నోరుందిగాని చెవి లేదు. ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దే ఉపాయం 1974లో నికరాగువా దేశంలో కనిపెట్టారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు అక్కడి ప్రాథమిక బడులకు రేడియోలో లెక్కలు చెప్పారు. ఉపన్యాసం మాని, ప్రశ్న వేసి రేడియో ఆగుతుంది. పిల్లలందరూ బిగ్గరగా జవాబు చెబుతారు. తర్వాత రేడియో సరైన జవాబు చెబుతుంది. పాఠం పొడుగునా ఇదే వరస. ఆ పాఠాలు విన్న పిల్లలు వినని వాళ్ళకంటే పరీక్షల్లో బాగా మెరుగయ్యారు. మన రాష్ట్రంలో ఈ శతాబ్దం మొదటి దశకంలో "విందాం నేర్చుకుందాం" పేరిట ఇదే తరహా రేడియో పాఠాలు ప్రాథమిక తరగతులకు ప్రసారమయ్యాయి. రేడియో ఆట ఆడిస్తుంది, పాడిస్తుంది, పంతులు పక్కనుండి నడిపిస్తాడు.

రేడియో ఆగే ఆ నాలుగు సెకన్లలోనే చదువంతా ఉంది. ఆ క్షణంలో తప్పు చెప్పిన పిల్లను గమనించేవాడు గదిలో ఉన్నాడా, లేడా? ఉంటే అది పాఠం, లేకపోతే పాట.

టెలివిజన్: ఆకాశం నుంచి

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. దాన్ని సైట్ అన్నారు. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని తూర్పు ఆఫ్రికా మీదుగా, 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిపి, ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజన్ పంపారు. ఉపగ్రహానికి తొమ్మిది మీటర్ల పెద్ద గొడుగు ఉంది కనుక ఊళ్ళో కోళ్ళగూటికి వాడే ఇనప వలతో అల్లిన మూడు మీటర్ల డిష్ సరిపోయింది. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. తెలుగులోనూ కార్యక్రమాలొచ్చాయి. మన వైపు హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్ళకు ఆ భాగ్యం దక్కింది, తూర్పు మన్యానికి దక్కలేదు. నిజానికి సంకేతం పైనుంచి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి, టవరుకు అడ్డొచ్చే కొండ ఉపగ్రహానికి అంతగా అడ్డం కాదు.

సైట్ గురించి చెప్పేవాళ్ళు ఉపగ్రహం గురించే చెబుతారు. అందులో అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి జరిగింది. దాదాపు 50 వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రం ఎలా బోధించాలో శిక్షణ ఇచ్చారు. టెలివిజన్ ఒక్కటే పెట్టి వదిలెయ్యలేదు. రేడియో, అచ్చు పుస్తకం, చేతితో చేసే ప్రయోగం, పక్కన మార్గదర్శకుడు – అన్నీ కలిపి నడిపారు. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది, ఉపాధ్యాయుడు నేర్చుకున్నది బడిలో మిగిలింది.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డప్పుడు టెలివిజన్ మళ్ళీ బడి అవతారమెత్తింది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలొచ్చాయి. ఇంట్లో టీవీ, ఫోను, సిగ్నలు ఉన్నవాడికి ఏదో ఒక మేర చదువు సాగింది. అవి లేని గూడెం పిల్లలకు ఆ నెలలు గాలికి పోయాయి. పట్నంలో యంత్రం లేకపోతే సౌకర్యం తగ్గుతుంది, మన్యంలో లేకపోతే చదువే ఆగిపోతుందని ఆ ఏడాది తేలిపోయింది.

కంప్యూటర్, టాబ్

2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు టాబ్‌లు పంచటం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అదే తేదీన రెండో విడతను మన్యంలోని చింతపల్లిలోనే ప్రారంభించారు. పాఠాలు మెమరీ కార్డులో ముందే ఎక్కించి ఉంటాయి కాబట్టి ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి. కొండ ప్రాంతానికి ఇది సరయిన ఆలోచన. సిగ్నలు వచ్చేదాకా చదువు ఆగనక్కరలేదు.

అయితే పెట్టె చేతికిస్తే చదువొస్తుందా? దక్షిణ అమెరికాలోని పెరూ దేశం ఈ ప్రశ్నకు జవాబు వెతికి పెట్టింది. అక్కడి ప్రభుత్వం లక్షల సంఖ్యలో చిన్న లాప్‌టాప్‌లు పల్లె పిల్లలకు పంచింది. 319 బడులను పోల్చి చూసిన అధ్యయనం 2012లో వెలువడింది. పిల్లలు కంప్యూటర్ వాడటం పెరిగింది. లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన దాఖలా మాత్రం కనిపించలేదు.

రెండోవైపు ఢిల్లీలో జరిగిన అధ్యయనం చూడండి. కార్తీక్ మురళీధరన్, మరిద్దరు ఆర్థికవేత్తలు కలిసి చేసి 2019లో ప్రచురించారు. ఆరో తరగతి సగటు విద్యార్థి లెక్కల్లో రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నాడని వాళ్ళ పరీక్షల్లో తేలింది. అక్కడ వాడిన కంప్యూటర్ కార్యక్రమం పిల్ల ఇచ్చిన ప్రతి జవాబునూ చూసి, ఆమె ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచే లెక్కలిచ్చేది. దానితోపాటు చిన్న గుంపుల్లో మనిషి కూడా పాఠం చెప్పేవాడు. నాలుగున్నర నెలల్లోనే ఆ పిల్లలు తోటివారికంటే స్పష్టంగా ముందుకెళ్ళారు.

పెరూలో పెట్టె చెప్పటానికే పరిమితమైంది, ఢిల్లీలో అది జవాబు వింది. తేడా యంత్రం ఖరీదులో లేదు. ఈ ముక్క మన్యం బడికి అన్వయించండి. మూడో తరగతి భాగహారం దగ్గర ఆగిపోయిన పిల్లకు ఎనిమిదో తరగతి బీజగణితం వీడియో ఎంత అందంగా ఉన్నా సినిమాయే. ఆమెకు కావలసింది తన భాగహారం తప్పును పట్టుకునేవాడు. పంతులికి రోజుకు ఒక్క గంటే ఉన్నప్పుడు ఆ పని కొంత యంత్రం చేసిపెడితే అది మహోపకారం. అంతేగాని పంతులి నోటికి బదులు ఇంకో నోరు తెచ్చిపెడితే లాభం లేదు.

ఎవరి తెలుగు?

ఇంకో చిక్కుంది, అదే అన్నిటికంటే మొండిది. కొండరెడ్ల ఇంటిభాష తెలుగే. అయినా గూడెంలో వినే తెలుగు, వాచకంలోని తెలుగు, వీడియోలో వినిపించే తెలుగు మూడూ ఒకటి కావు. కోయ, సవర, కువి వంటి భాషలు మాట్లాడే గూడేల్లో ఈ దూరం మరీ ఎక్కువ. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవరలోనే వాచకాలు రాసింది ఈ దూరం తగ్గించటానికే. 2004 ప్రాంతంలో మన రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో ప్రాథమిక వాచకాలు తెచ్చింది కూడా అందుకే. ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా వేసిన పుస్తకాలు కూడా ఒక పరికరమే. దానికి చార్జింగ్ అక్కరలేదు.

వీడియోలో లెక్క మెట్రో రైలు టిక్కెట్టుతో మొదలవుతుంది. అడ్డతీగల సంతకు వచ్చే పిల్లకు తెలిసిన లెక్క వేరు. విస్తరికి ఎన్ని అడ్డాకులు, కట్టకు ఎన్ని విస్తర్లు, చింతపండు కిలో ఎంత, తూకంలో ఎంత పోయింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనేది ఈ సరుకులే. తూకం, ధర తెలియని ఇల్లు సంతలో నష్టపోతుంది. భాగహారం ఇక్కడ పరీక్ష మార్కు కాదు, ఇంటి డబ్బు. ఆ లెక్క యంత్రంలో లేదు. పంతులు పక్కనుంటేనే వీడియో ఆపి, "మెట్రో టిక్కెట్టు సంగతి అలా ఉంచండర్రా, విస్తళ్ళ కట్ట లెక్క చూద్దాం" అనగలడు.

మనం చెయ్యగలిగింది

కాబట్టి యంత్రం వద్దని కాదు. ఏకోపాధ్యాయ పాఠశాలకు అది పట్నం బడికంటే ఎక్కువ అవసరం. బడికి ఏ పెట్టె పంపినా ముందు కొన్ని ప్రశ్నలు వెయ్యాలి. కరెంటు పోయిన రోజు పనిచేస్తుందా? సిగ్నలు లేకపోతే నడుస్తుందా? చెడితే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు? పిల్ల తప్పు చెబితే కనిపెడుతుందా? కనిపెట్టి పంతులికి చెబుతుందా? ఈ చివరి రెండింటికి "అవును" రాకపోతే మిగతా హంగులన్నీ దండగ.

ఇందులో కళాశాల విద్యార్థులకూ పని ఉంది. మనలో మన్యం నుంచి వచ్చినవాళ్ళున్నారు, రేపు అక్కడ టీచర్లుగా వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. చేతిలో ఉన్న ఫోనుతోనే గూడెం మాటలో, సంత లెక్కలతో, మధ్య మధ్య ఆగి జవాబుకు చోటిచ్చే పది నిమిషాల పాఠాలు రికార్డు చెయ్యవచ్చు. మెమరీ కార్డులో పెట్టి పంతులికిస్తే ఇంటర్నెట్ అక్కరలేదు. అయిదో తరగతి పిల్ల ఫోను పట్టుకుని రెండో తరగతి వాళ్ళను కూర్చోబెట్టుకుంటే, ఆండ్రూ బెల్ చూసిన ఇసుక బడి మళ్ళీ మొదలైనట్టే. వేసవి సెలవుల్లో ఒక్క గూడెంలో, ఒక్క తరగతికి, ఒక్క లెక్కల అధ్యాయం ఇలా చేసి చూడండి. పిల్లలు ఎక్కడ తడబడ్డారో రాసుకు రండి. వచ్చే ఏడాది సెమినార్లో ఆ కాగితం చదువుదాం.