ఛాయాచిత్రమందలి కవచశకటము

పాత ఛాయాచిత్ర మొకటి చేతికి వచ్చినపుడు మనము మొదట చూచునది చిత్రమును గాదు, దానిక్రింది వ్రాతను. “అమృతసరము, 1919” అని యెవరో వ్రాసియుండినచో, మూసిన యంగళ్లును, నిర్జనమైన వీధియు, నడుమ నిలిచిన యినుపబండియు నన్నియు నా వ్రాతకు లోబడియే మాటాడ నారంభించును. వ్రాసినవా రెవరు? చూచి వ్రాసిరా, విని వ్రాసిరా? ఈ ప్రశ్నలను మన మడుగము. అడుగవలసియున్నదని మనవిచేయుటయే యిచ్చట మా యుద్దేశము.

కవచశకటమన్న మాట వినగనే భారతీయుల మనస్సు పంజాబునకు బోవుట సహజము. 1919 ఏప్రిలు 13వ తేదీని డయ్యరు తన సైనికులతో బాటు రెండు కవచశకటములను గూడ జలియనువాలాబాగునకు గొనిపోయెను. త్రోవ మిక్కిలి యిరుకగుటచే నవి లోనికి బోజాలక వెలుపలనే నిలిచిపోయెను. సైనికుల తుపాకులనుండియే 1650 గుండ్లు పేల్పబడెను. మృతులు 379 మందియని ప్రభుత్వమువారి లెక్క. కాంగ్రెసువారి యంచనా దానికంటె నెంతయో హెచ్చు. శకటములు లోనికి బోగలిగియుండినచో వానియందలి మరతుపాకులను గూడ బహుశః ప్రయోగించియుందునని డయ్యరు హంటరు సంఘమువారి యెదుట నొప్పుకొనెను.

పదునొకం డేండ్ల పిమ్మట, 1930 ఏప్రిలు 23వ తేదీని, పెషావరు కిస్సాఖ్వానీ బజారులో నిట్టి శకటములు జనసమూహముమీదికే తోలబడెను. మనుష్యులు చక్రములక్రింద నలిగిరి. శకట మొకటి దగ్ధమయ్యెను. చంద్రసింగు గఢ్వాలీయు నతని సహచరులును నిరాయుధులపై గాల్చ నిరాకరించి కఠినశిక్షల ననుభవించిరి. విఠలభాయి పటేలు అధ్యక్షతను విచారించిన కాంగ్రెసు సంఘపు నివేదికను ప్రభుత్వము నిషేధించెను.

ఇట్టి ఘోరములతో ముడివడిన చిత్రములకు నామకరణము చేయునపు డెంత జాగరూకత యవసరమో చెప్పనక్కఱలేదు. అందులకు శకటమే సాయపడును.

1914లో బ్రిటిషు నౌకాదళపు విమానశాఖవారు రోల్సురాయిసు మోటారుపై గట్టించిన శకటమునకు గోపురము గుండ్రని డబ్బావలె నుండును. పైయంచు వాలుగా జెక్కినట్లు గనబడును. అందు మరతుపాకి యొక్కటియే. చక్రములకు సన్నని తీగెల యాకు లుండును. 1920 నాటి మాదిరియందు వాని స్థానమున రేకుబిళ్లవంటి చక్రములు వచ్చెను. మొదటి మహాసంగ్రామకాలమున భారతదేశమందు అమెరికా వారి జెఫరీ బండ్లపైనను కవచములు కట్టిరి. ఈ జెఫరీ బండికి నాలుగు చక్రములును యంత్రబలముచే దిరుగును.

భారతదేశమునకై ప్రత్యేకముగ నిర్మింపబడినవి పిమ్మట వచ్చెను: 1921 నాటి రోల్సురాయిసు మాదిరి యొకటి, 1923 మొదలుకొని వికర్సు కంపెనీవారు క్రాస్లీ మోటార్లపై గట్టినది మరియొకటి. వీని గోపురము బోర్లించిన గిన్నెవంటిది. తగిలిన గుండు నిలువక జాఱిపోవుట కా వంపు. తుపాకి నమర్చుటకు దానియందు నాలుగుదిక్కుల నాలుగు రంధ్రములు గలవు. ఎండకు లోపలివారు మాడిపోకుండుటకై కవచమునకు లోవైపున రాతినారను బఱచిరి.

ఇపుడు పరీక్ష సులభమగుచున్నది. “1919” అని వ్రాసియున్న చిత్రమున గిన్నెగోపురము కనబడెనేని, ఆ వ్రాత తప్పు. పుట్టని బండి వీధిలో నిలువజాలదు గదా! అయిన నంతమాత్రముచే నది 1930 నాటి పెషావరు చిత్రమని నిశ్చయింపరాదు. శకటము పుట్టినయేడు చిత్రమున కొక ప్రక్కనే హద్దు కట్టును. క్రాస్లీ శకటములు ముప్పదవ దశాబ్దమంతయు సేవలో నుండెను. మోటారు లఱిగిపోగా పై కవచములనే షెవర్లె బండ్లపై నెక్కించిరి. కావున గాదని తేల్చుట సులభము, ఔనని తేల్చుట కష్టము. అందులకు చిత్రమందలి యితర సాక్షులను బిలువవలెను: అంగడి పలకలమీది లిపి, సైనికుల టోపీలు, బండి ప్రక్కనున్న పేరును సంఖ్యయు, చిత్రము వెనుకనున్న ముద్ర. పలకమీది యక్షరములు తలక్రిందుగాక కుడియెడమలుగ మాఱియున్నచో, ఫలకమును త్రిప్పి యచ్చొత్తిరని గ్రహింపవలెను.

ఘోరము జరిగినమాట నిజమేగదా, చిత్ర మేదైన నేమని కొందఱనవచ్చును. అది పొరపాటు. తప్పు చిత్రము నొకదానిని బట్టుకొని, నిజమైన సాక్ష్యమునంతయు గల్పితమని త్రోసివేయుట కెదిరిపక్షమువారి కవకాశము గలుగును. అంతేకాదు, పెషావరు మృతుల చిత్రమును అమృతసరమున కంటగట్టినచో, పెషావరు మృతులు రెండవసారి మఱుగుపడుదురు.

ఇండ్లయందు పెట్టెల యడుగున నిట్టి చిత్రములుగలవా రొక్కపని చేయుదురుగాక. పాతవ్రాత తప్పని తోచినను దానిని చెఱుపకుడు. దానిక్రింద, అది యెవరినుండి యెప్పుడు వచ్చినదో, మీకు దెలిసినంతవఱకే వ్రాసియుంచుడు. జలియనువాలాబాగు గోడలపై గుండుదెబ్బల గుర్తులు నేటికిని గలవు. ఆ గోడలకు దోడుగ నిలుప దగినది నిజమైన సాక్ష్యమేగాని మఱియొకటి గాదు.