గుండెల మీద కూర్చునేది ఎవరు?

మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పాఠం వింటూ కునికిపాట్లు పడేది. రెండుసార్లు నిలబెట్టి మందలించాను. మూడోసారి పక్కకు పిలిచి అడిగాను. బడిలో ఎప్పుడూ కన్నడమే మాట్లాడే పిల్ల, ఆ రోజు తెలుగులో చెప్పింది. "పడుకోవాలంటే భయం సార్. మెలకువ వస్తుంది గాని కాలూ చెయ్యీ కదలవు. ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంటుంది. అరుద్దామంటే గొంతు రాదు." ఇంట్లోవాళ్లు అప్పటికే తాయెత్తు కట్టించారు.

మీలో కొందరికి ఇది అనుభవమే అయివుంటుంది. దీన్ని వైద్యులు నిద్రా పక్షవాతం అంటారు. పేరు అలా ఉన్నా, మనకు తెలిసిన పక్షవాతానికీ దీనికీ సంబంధం లేదు.

కలలు బాగా వచ్చే నిద్రలో మెదడు మన కండరాలను కట్టి ఉంచుతుంది. లేకపోతే కలలో పరుగెత్తేవాడు మంచం దిగి పరుగెత్తుతాడు. ఒక్కోసారి మెలకువ ముందు వస్తుంది, ఆ కట్టు వెనుక విడుతుంది. కల ఇంకా పూర్తిగా చెదరదు. అందుకే గదిలో ఎవరో ఉన్నట్టు తోస్తుంది. ఊపిరి మాత్రం ఆగదు. కొన్ని క్షణాల్లో, మహా అయితే కొద్ది నిమిషాల్లో అదే పోతుంది.

నిద్ర చాలకపోయినా, వేళ తప్పినా, వెల్లకిలా పడుకున్నా ఇది రావచ్చు. ఎన్నో పరిశోధనలను కలిపి 2011లో వేసిన లెక్క ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చినవారు సాధారణ జనంలో 100కు 8 మంది, విద్యార్థుల్లో 28 మంది, మానసిక చికిత్స పొందుతున్నవారిలో 32 మంది. కాబట్టి ఇది వచ్చినంత మాత్రాన మతి చెడినట్టు కాదు. కానీ మాటిమాటికీ వస్తుంటే మనసులో ఏముందో అడగాలి.

కంబోడియాలో 1975 నుంచి 1979 వరకు సాగిన మారణకాండను తప్పించుకుని అమెరికా చేరిన శరణార్థులను వైద్యులు పరిశీలించారు. 2005లో వెలువడిన ఆ పరిశీలనలో, పాత ఘోరాలు మనసును వదలక బాధపడుతున్నవారికే ఇది ఎక్కువగా వస్తున్నట్టు తేలింది. వాళ్ల భాషలో దీని పేరుకు అర్థం 'దయ్యం నొక్కడం'. మనం అనే మాట కూడా అదే కదా!

మా అమ్మాయి సంగతీ అంతే. ఆరు నెలల కిందట ఆమె కళ్లెదుటే లారీ గుద్ది తండ్రి పోయాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. బడిలో నేనూ అడగలేదు.

రోజూ ఒకే వేళకు పడుకోండి. పక్కకు తిరిగి పడుకోండి. అది వచ్చినప్పుడు పెనుగులాడకుండా ఒక వేలు కదపడానికి ప్రయత్నించండి. పక్కనున్నవారు పేరు పెట్టి పిలిచి, మెల్లగా తట్టండి. తరచుగా వస్తున్నా, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా డాక్టరుకు చూపించండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరులో ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

తాయెత్తు కట్టేవారిని నేను తప్పుపట్టను. కట్టే ముందు ఒక్కమాట, "ఏం జరిగిందమ్మా?" అని అడగండి. ఆ మాట అడగడానికి నాకు మూడోసారి దాకా పట్టింది.